వీపే పలక

బైండింగ్ షాపు, పై గది
సోమవారం

పిట్టా,

మూడుసార్లు ఫోన్ చేశావు. మోగడం విన్నాను. ఎత్తలేదు. కోపం తెచ్చుకోకు. కొన్నాళ్లు ఫోన్ వద్దు, ఉత్తరం రాయి. మెసేజుల్లో నువ్వు సగం మాటలు మింగేస్తావు. చేత్తో రాస్తే మింగలేవు.

మెడలో గడ్డ తీసేశారని చెప్పాను కదా. చెడ్డది కాదన్నారు. కుట్లు మానాయి. ఇప్పుడు అక్కడ చిన్న గీత ఉంది, కాగితం మడత పెట్టి విప్పినట్టు. తింటున్నాను. నిద్రపోతున్నాను. రోజూ కిందికి దిగి పుస్తకాల ఫారాలు కుడుతున్నాను. దేవుడి దయ.

చైనా భాష నేర్చుకోమన్నారట నిన్ను. నలభై నాలుగేళ్ల వయసులో. ఎందుకో ఏమిటో మొదటినుంచి రాయి.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటున్నాను.

అక్క


మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

నా దస్తూరి చూసి నవ్వకు. పదేళ్లుగా నేను చేత్తో రాసింది సంతకం ఒక్కటే.

సంగతేమిటంటే, మా ఫ్లోరులో పాత ఎంబ్రాయిడరీ మిషన్లు తీసేసి కొత్తవి ఇరవై దించారు. ఒక్కోదానికి పదిహేను సూదులు. తెర మీద వచ్చేవన్నీ చైనా అక్షరాలు. దారం తెగితే ఎర్రగా ఒక వాక్యం వస్తుంది, అందరం దాని మొహం చూస్తాం, అది మా మొహాలు చూస్తుంది. ఆరు నెలల్లో ఆ దేశం నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి నేర్పుతారట. వాళ్లతో మాట్లాడి మిగతావాళ్లకు చెప్పే మనిషి ఒకరు కావాలి. కంపెనీయే డబ్బు కట్టి నన్ను ఊళ్లో ఒక క్లాసులో చేర్పించింది. ఐదో నెలలో పరీక్ష, సగం రాత, సగం మాట. పాసైతే ఇరవై మిషన్లకీ నేనే పెద్దని. తప్పితే కింది అంతస్తులో దారాలు కత్తిరించే బల్ల. పంతొమ్మిదేళ్ల వయసులో నేను కూర్చున్న బల్లే అది. ఇరవై అయిదేళ్లు ఎక్కిన మెట్లు ఒక్క రోజులో దిగాలంటే ఎలా ఉంటుందో చెప్పు.

మొదటి రోజే పరువు పోయింది. అందరూ వరసగా చదవాలి. నా వంతు వచ్చింది, చదివాను. పంతులమ్మ (వయసులో నాకు సగం ఉంటుంది) నన్నే చూస్తోంది.

“చదవండమ్మా.”

“చదివానండీ.”

“ఎప్పుడు?”

పక్క బెంచీలో ఒక క్రేన్ డ్రైవరున్నాడు, యాభై దాటినవాడు. “ఆవిడ సినిమా వేసింది మేడమ్, సౌండ్ ఆపేసి” అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

అక్కా, ఒట్టు, నేను చదివాననే అనుకున్నాను. పెదాలు కదిలాయట, శబ్దం రాలేదట.

ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఒక్క గది. నాన్న రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి పొద్దున్నే తెర లాగి పడుకునేవాడు. అమ్మ లాండ్రీకి పోతూ గుమ్మంలో ఆగి, వేలు పెదాల మీద పెట్టి నీకు చూపించి వెళ్లేది. సాయంత్రం నాలుగుదాకా మన ఇంట్లో చెంచా కూడా నోరెత్తేది కాదు. నీకు పదమూడు, నాకు నాలుగు. నన్ను చూసుకోడానికి ఆ ఏడాది నువ్వు బడి మానేశావు. నీకు వీపు పెట్టి కూర్చోమనేదానివి. వేలితో వీపు మీద అక్షరం రాసేదానివి. నేను పెదాలతో మాత్రం అనాలి, తర్వాత దాన్నే నీ అరచేతిలో రాయాలి. తప్పు రాస్తే నా వీపు మీద అరచేత్తో చెరిపేసేదానివి. ఆ చెరపడం ఎంత హాయిగా ఉండేదో! దానికోసం కావాలని తప్పులు రాసేదాన్ని. ఇన్నాళ్లకి చెప్తున్నాను.

నాలుగు కొట్టగానే నాన్న తెర తీసేవాడు. నువ్వు “నాలుగయింది, పిట్టా” అనేదానివి. తర్వాత ప్రార్థన పాట ఎత్తుకునేదానివి. మన ఇంట్లో రోజూ మొదటి శబ్దం నీ గొంతే.

అలా చదువుకున్నదాన్ని ఇప్పుడు నోరు తెరిచి చదవమంటున్నారు. అందులోనూ ఆ భాషకి స్వరాలున్నాయి, ప్రతి మాటకీ ఒకటి. స్వరం తప్పితే మాటే మారిపోతుందట. నోరు తెరవడమే రానిదానికి స్వరమొకటి.

ఇంతకీ నోరు మెదపని పిల్లకి పిట్ట అని పేరు పెట్టిందెవరు?

నీ చెల్లి


బైండింగ్ షాపు, పై గది
గురువారం

పిట్టా,

పేరు పెట్టింది నేనే. సాయంత్రం నాలుగు తర్వాత నీ గోల చూసి పెట్టాను.

కావాలని తప్పులు రాసేదానివని నాకు తెలుసు. అందుకే నెమ్మదిగా చెరిపేదాన్ని.

పార్సిల్లో ఒక పుస్తకం పంపాను. మిగిలిన గుడ్డతో అట్ట వేశాను. లోపల అయిదు జేబులు కుట్టాను. చీటీకి ఒకవైపు అక్షరం, రెండోవైపు అర్థం రాయి. కొత్తవన్నీ మొదటి జేబులో పెట్టు. ఆ జేబు రోజూ తియ్యాలి. తెలిసిన చీటీ రెండో జేబుకి పోతుంది, దాన్ని రెండు రోజులకోసారి చూడు. మూడోది వారానికి. అలా చివరిదాకా. తప్పిన చీటీ ఎంత దూరం పోయినా మళ్లీ మొదటి జేబుకి రావాలి. సిగ్గుపడకూడదు. దబ్బనం పక్కకి పోతే నేనూ ఫారమంతా విప్పి మొదటినుంచి కుడతాను.

ఇది చూపుకి, చేతికి. మాటకి పనికిరాదు. మాటకి ఏం చేయాలో ఆలోచిస్తున్నాను.

ఆ స్వరాల సంగతి వివరంగా రాయి. ఒక్కొక్కటి గొంతులో ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ బిగుస్తుంది, ఊపిరి ముందా శబ్దం ముందా. ఏదీ వదలకు. నాకెందుకని అడగకు.

అక్క


మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

పుస్తకం అందింది. క్రేన్ డ్రైవరు తిప్పి తిప్పి చూసి, “మీ అక్కగారు నాకూ ఒకటి కుడతారేమో అడగండి, నా చీటీలు లారీల కింద పడి పోతున్నాయి” అన్నాడు. వారంలో నలభై మూడు చీటీలు రెండో జేబులోకి పోయాయి. పదకొండు సిగ్గు లేకుండా తిరిగొచ్చాయి.

మా క్లాసులో ఎవరి గోల వాళ్లది. ఆస్పత్రి కౌంటరులో పనిచేసే ఆమె ఒక్కో అక్షరం వందసార్లు రాస్తుంది, తొంభై తొమ్మిదోసారికి దేని కోసం రాస్తోందో మర్చిపోతుంది. క్రేన్ డ్రైవరు ప్రతి అక్షరానికీ ఒక కథ అల్లుతాడు. మనిషి చెట్టుకి ఆనుకుంటే విశ్రాంతి. ఇంటి కప్పు కింద ఆడమనిషి ఉంటే ప్రశాంతం. “ఈ అక్షరం కనిపెట్టినవాడు మా ఇంటికి రాలేదు” అంటాడు. పైన క్యాబినులో ఒక్కడే కూర్చుని రోజంతా చైనా భాషలో తనతో తనే మాట్లాడుకుంటాడట. నేను మిషనుకంతా చీటీలు అంటించాను, సూదికి సూది, దారానికి దారం. సూపర్‌వైజరు వచ్చి “ఏమ్మా, దీనికి దెబ్బలేమైనా తగిలాయా, ఇన్ని పట్టీలు వేశావు?” అన్నాడు.

కప్పు కింద ఆడమనిషి అక్షరం చూడగానే మన గదే గుర్తొచ్చింది. కప్పు, కింద నువ్వు. ఇక ఆ చీటీ ఒక్కసారీ వెనక్కి రాలేదు.

నువ్వడిగిన స్వరాలు. మొదటిది పైన, సమంగా, కదలకుండా. వీధి చివర నుంచి “పిట్టాఆఆ” అని పిలిచేదానివే, ఆ సాగదీత. దానికి ఊపిరి ముందు పట్టాలి, తర్వాత శబ్దం. రెండోది కింద నుంచి పైకి. నమ్మలేని మాట వింటే “ఏంటీ?” అంటామే, అది. దవడ కింద బిగుస్తుంది. మూడోది కిందికి దిగి, అడుగున కాసేపు గరగరలాడి, మళ్లీ లేస్తుంది. ఇష్టంలేని పని చెప్తే నాన్న “ఊఁ...” అనేవాడు చూడు, అది. నాలుగోది పైనుంచి దబ్బున పడుతుంది, “చాల్లే!” అన్నట్టు. పొట్ట లోపలికి పోతుంది. నాకు నాలుగోది ఒక్కటే వచ్చింది. కోపం కదా.

నువ్వూ నేర్చుకుంటున్నావా ఏమిటి?

ఒక కోరిక. నాలుగింటి పాట పాడి ఫోన్లో పంపు. నీ గొంతు వెంట నా గొంతు పోతుంది. చిన్నప్పుడు అలాగే కదా తెరుచుకునేది.

నీ చెల్లి


బైండింగ్ షాపు, పై గది
శనివారం

పిట్టా,

క్రేన్ డ్రైవరుగారి పుస్తకం కుట్టాను. ఎండలో తిరిగేవాళ్లది కాబట్టి అట్ట మందంగా వేశాను.

పాట పంపలేను. దానికి బదులు ఒకటి చెప్తాను, విను. ఆ పాట నీకు నేర్పింది గొంతుతో కాదు. నాలుగు కాకముందే నేర్పాను. అరచెయ్యి నీ వీపు మీద పెట్టి, స్వరం పైకి పోతే పైకి, కిందికి దిగితే కిందికి జరిపేదాన్ని. తర్వాత నీ చేతినే గాలిలో అలా నడిపించేదాన్ని. నాన్న లేచేసరికి పాట నీ చేతిలో తయారుగా ఉండేది. గొంతు దాని వెంట వచ్చేది.

అదే చెయ్యి. ముందు చెయ్యి, తర్వాత ఊపిరి, చివర శబ్దం. సమంగా, పైకి, లోయలోకి, దబ్బున. అలవాటయ్యాక చెయ్యి బల్ల కింద పెట్టుకో.

మూడో స్వరం అడుగున గరగర అన్నావు. అక్కడ ఎంతసేపు ఉండాలి? అక్కడి నుంచి పైకి ఎలా లేవాలి? ఎవరికైనా తెలిస్తే అడిగి రాయి.

ప్రార్థనకి రోజూ వెళ్తున్నాను. ఈమధ్య చివరి వరసలో కూర్చుంటున్నాను. ముందు, నా చోట, వేరే ఆమె పాడుతోంది. బాగా పాడుతోంది.

అక్క


మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజులుంది. నేను పోవడం లేదు.

రాత వచ్చేసింది. మూడు వందల చీటీలు చివరి జేబుల్లో ఉన్నాయి. తెర మీద ఏ వాక్యం వచ్చినా చదివి, అందరికంటే ముందు మిషన్ ఆపుతున్నాను. చెయ్యి కూడా నువ్వు చెప్పినట్టే తిప్పుతున్నాను, అందంగా తిరుగుతోంది. దాని వెంట ఏమీ రావడం లేదు. నిన్న అందరి ముందూ నిలబెట్టి నా గురించి చెప్పమన్నారు. పేరా మొత్తం కంఠతా పట్టాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది. పంతులమ్మ పాపం నా భుజం మీద చెయ్యి వేసి “కూర్చోండమ్మా” అంది. ఆ జాలికి చచ్చిపోయాను. క్రేన్ డ్రైవరు కూడా జోకు వెయ్యలేదు.

ఆయనకి కుట్టిన పుస్తకం మాత్రం అందింది. ఊరూ పేరూ తెలియని మనిషికి పుస్తకం. చెల్లెలికి ఒక్క పాట పంపలేవు. రెండు నిమిషాల పని. నాలుగు నెలలుగా ఫోన్ ఎత్తవు. నేనేం చేశానక్కా?

నీకు తేలిగ్గానే ఉంటుంది. చెయ్యి ముందు, శబ్దం చివర అని రాసేస్తావు. నువ్వు గొంతు ఉన్నదానివి. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించేది. ఉన్నవాళ్లకి లేనివాళ్ల బాధ ఎక్కడ తెలుస్తుంది?

రేపు సూపర్‌వైజరుకి చెప్పేస్తాను. బల్ల దగ్గర కూర్చుంటాను. కత్తెర తిప్పడానికి నోటితో పనిలేదు.

చెల్లి


బైండింగ్ షాపు, పై గది
బుధవారం పొద్దున

పిట్టా,

గొంతు ఉన్నదానివి అన్నావు. లేదు.

గడ్డ ఒక నరాన్ని అంటుకుని ఉందట. తీసేటప్పుడు అది దెబ్బతింది. ఎవరి తప్పూ కాదు. ఆ రోజునుంచి ఊపిరి వస్తోంది, శబ్దం రావడం లేదు. షాపులో అట్ట ముక్కల మీద రాసి చూపిస్తున్నాను. ఓనరుగారు “మీ గొడవ తగ్గింది, పని పెరిగింది” అని నవ్విస్తారు. ఆయన కూడా కళ్లు తుడుచుకోవడం ఒకసారి చూశాను.

నీకు చెప్తే క్లాసు మానేసి వచ్చేస్తావు. నా పక్కన కూర్చుని నాకు బదులు మాట్లాడతావు. తర్వాత కింది అంతస్తు బల్లే నీకు. అందుకని దాచాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు. కాని రాయకపోవడం కూడా దానికి చెల్లెలే. రోజూ ప్రార్థనలో అది గుచ్చుకుంటూనే ఉంది. నన్ను క్షమించు.

వారానికి రెండుసార్లు ఒకామె దగ్గరికి వెళ్తున్నాను. గొంతుకి కసరత్తు చేయిస్తుంది. ‘ఆ’ అనమంటుంది, ముప్ఫైసార్లు. నెల రోజులు ఏమీ రాలేదు. అప్పుడు నీ స్వరాల ఉత్తరం వచ్చింది. ఆమెకి చూపించాను. రెండుసార్లు చదివి, “మీ చెల్లెలు నాకంటే బాగా చెప్పింది. ఇదే చేద్దాం” అంది. అప్పటినుంచి నీ నాలుగు స్వరాలే నా పాఠం. రోజూ పొద్దున ఈ గదిలో, ప్రార్థన అయ్యాక.

అక్కడి నుంచి నాలుగో వారంలో మొదటిది వచ్చింది. కుర్చీ ఈడ్చిన చప్పుడులా ఉంది. అయినా అది నాదే. నాలుగోది వచ్చింది. రెండోది సగం వస్తోంది. మూడోది రావడం లేదు. దాని కోసమే నిన్ను అన్నిసార్లు అడిగాను. చెయ్యి ముందు, శబ్దం చివర అని తేలిగ్గా రాయలేదు. ఇక్కడ చేసి చూశాకే రాశాను.

నీ నోరు మూయించింది నేను. నాన్న నిద్ర చెడకూడదని. అది అప్పుడు అవసరం. నీకు నాలుగేళ్లు, అది మంచి పిల్ల లక్షణం అనుకుని పట్టుకున్నావు. వదిలెయ్యమని తర్వాతైనా చెప్పాల్సింది. మర్చిపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. నాన్న పోయి పదకొండేళ్లు. ఇంకా ఎవరికి మెలకువ వస్తుందని ఆగుతున్నావు?

ఇక్కడికి రాకు. పరీక్షకి పో.

నాలుగయింది, పిట్టా.

అక్క


మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు
మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి చెప్పులు వేసుకున్నాను. బస్‌స్టాండు దాకా వచ్చేశాను. బస్సు కూడా ఉంది. ‘రాకు’ అని నువ్వు రాసినందుకు ఆగలేదు. చివరి మాట గుర్తొచ్చి ఆగాను. స్టాండులోనే, అంతమంది మధ్య, మొదటి స్వరం ఎత్తాను. పక్కన సంచులతో కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి “ఏమైందమ్మా?” అన్నాడు. “నాలుగయిందండీ” అన్నాను. ఆయన గడియారం చూసుకుని “పదకొండున్నరే” అన్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండూ గట్టిగానే. వెనక్కి వచ్చేశాను. సూపర్‌వైజరుకి ఎలాగూ ఇంకా చెప్పలేదు.

ఆ సాయంత్రం నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. ‘పాట పంపలేను’ అని ఉన్నదున్నట్టే రాశావు. నేనే ‘పంపను’ అని చదువుకున్నాను. చివరి వరసలో కూర్చుంటున్నాను అన్నావు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. గొంతు ఉన్నదానివని రాసిన ఉత్తరం చించెయ్యి. నాకోసం.

పరీక్ష అయిపోయింది. గదిలో పరీక్ష చేసేవాళ్లు ఇద్దరు, మధ్యలో ఒక చైనా పెద్దావిడ. నా గురించి చెప్పమన్నారు. కంఠతా పట్టిన పేరా మూడో వాక్యంలో మాయమైంది. చెయ్యి మాత్రం బల్ల కింద తిరుగుతూనే ఉంది. ఆవిడ వంగి చూసి అడిగింది, వాళ్ల భాషలోనే, “చెయ్యి ఎందుకు ఆడిస్తున్నారు?” అని.

అది పుస్తకంలో లేని ప్రశ్న. నా దగ్గర జవాబుకి సరిపడా చీటీలున్నాయి, అంతే. ఒక్కోటి తీశాను. నాన్న. రాత్రి పని. పగలు నిద్ర. ఇల్లు చిన్నది. మేము మాట్లాడకూడదు. అక్క నా వీపు మీద రాసేది. పాట చేత్తో నేర్పేది. ఇప్పుడు అక్క మాట్లాడలేదు. నేను మాట్లాడాలి.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “మీ అక్క ఇప్పుడేం చేస్తోంది?” అంది.

“మీ మూడో స్వరం నేర్చుకుంటోంది” అన్నాను.

ముగ్గురూ నవ్వారు. ఆవిడ ఒక రహస్యం చెప్పింది, ఇది నీకే. మూడోది మళ్లీ పైకి లేవాలని మనం తంటాలు పడుతున్నాం కదా. ఒంటరిగా ఉంటేనే అది లేస్తుందట. పక్కన ఇంకో మాట ఉంటే కిందికి దిగి అక్కడే ఉంటుందట, చాలావరకు. లేవకపోయినా తప్పు కాదు. పక్క మాట అందుకుంటుంది.

నిన్న ఫలితం వచ్చింది. రాతలో మంచి మార్కులే, మాటలో క్లాసుకే మొదటిదాన్ని. పంతులమ్మ కాగితం రెండుసార్లు చూసింది. క్రేన్ డ్రైవరు లేచి నిలబడి “సౌండొచ్చింది!” అని అరిచాడు. ఆయనా పాసయ్యాడు. కింది అంతస్తు బల్ల ఇక నాది కాదు.

నాలుగు రోజులు సెలవు అడిగాను. ఇంజనీర్లు వచ్చే లోపు తీసుకోమన్నారు. వచ్చే వారం శుక్రవారం వస్తాను. ఈసారి వద్దన్నా వస్తాను.

నీ చెల్లి


బైండింగ్ షాపు, పై గది
బుధవారం

పిట్టా,

ఉత్తరం కసరత్తు చేయించే ఆమెకి చూపించాను. నేను మొదటి మాట పట్టుకున్నాను, ఆమె రెండోది. నా మూడో స్వరం దిగింది. లేవలేదు. ఆమె మాట అందుకుంది. అచ్చం ఆ పెద్దావిడ చెప్పినట్టే.

ఇవాళ నాలుగింటికి పాట మొదటి పాదం అన్నాను. నాకూ కిటికీకీ వినపడింది. చాలు. దేవుడికి దూరం లేదు.

నువ్వు చించెయ్యమన్న ఉత్తరం చించలేదు. మిగతా వాటితో కలిపి కుట్టాను. అట్ట మీద కప్పూ, కప్పు కింద ఆడమనిషీ ఉండాలి. ఆ అక్షరం నాకు తెలియదు. నువ్వు వచ్చి నేర్పాలి.

శుక్రవారం షాపు మధ్యాహ్నం దాకే. మెట్ల తలుపు తీసి ఉంటుంది. కింద నుంచే కేక వెయ్యి, వీధంతా వినపడినా సరే.

స్టూలు కిటికీ దగ్గర వేశాను. ఈసారి వీపు నాది.

అక్క